కోడి కొలాజెన్ పొడి: రెండు నెలలు వాడి చూశాక

మా అమ్మగారి మోకాళ్ల నొప్పుల కోసం ఆన్‌లైన్‌లో తెప్పించిన పొడి ఇది. కొలాజెన్ అంటే తోలు, ఎముకలు, కీళ్ల మృదులాస్థిలో ఉండే ప్రొటీన్. కంపెనీ పేరు చెప్పను. ఇదే తరహా డబ్బాలు బజారులో ఇంకా ఉన్నాయి. 300 గ్రాములకు 1,450 రూపాయలు తీసుకున్నారు. చికెన్ దుకాణంలో స్కిన్‌లెస్ అడిగినప్పుడు వలిచి పక్కన డ్రమ్ములో పడేసే తోలు, కాళ్లు, రొమ్ము ఎముక కొసనుండే మెత్తటి మృదులాస్థి, ఇవే దీనికి ముడిసరుకులు.

పొడి నాణ్యత గురించి ఫిర్యాదు లేదు. చల్లటి నీళ్లలో కూడా ఉండ కట్టకుండా కరుగుతుంది. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 10 గ్రాములు కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే, తెల్లవారేసరికి కూడా నీళ్లలాగే ఉంది. మిగిలిపోయిన కోడికాళ్ల పులుసు ఫ్రిజ్‌లో గడ్డకట్టి వణకడం అందరం చూసినదే; అది, ఉడికినప్పుడు కొలాజెన్ విడిపోయి ఏర్పడే జెలటిన్ పని. ఈ పొడి గడ్డకట్టలేదంటే, ఎంజైములతో కొలాజెన్‌ను ఇంకా చిన్న ముక్కలుగా తెంచిన పెప్టైడ్లన్నమాట.

అది లోపం కాదు. అయితే డబ్బా మీద ‘అన్‌డినేచర్డ్ టైప్ 2’ (అంటే సహజ రూపం చెడని, మృదులాస్థిలో ఉండే రకం కొలాజెన్) అని పెద్ద అక్షరాలతో వేసి, కిందనే వేడి పాలలో కలుపుకోమని వ్రాశారు. కొలాజెన్ అణువు మూడు పోగులు పేనిన తాడు వంటిది. ఆ పురి విడిపోకుండా తీయాలంటే, ముందు పలుచని క్షారంతో ఇతర ప్రొటీన్లను తొలగించి, తరువాత ఎసిటిక్ ఆమ్లంలో పెప్సిన్ అనే జీర్ణ ఎంజైము కలిపి, 4 డిగ్రీల చలిలో గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి నానబెట్టి, చివరకు ఉప్పు కలిపి ద్రవం నుంచి గట్టిగా విడిపోయేలా చేయాలి. అంత జాగ్రత్తగా తీసినది పొగలు కక్కే పాలలో వేస్తే విడిపోకుండా ఎలా ఉంటుంది? పైగా ఆ రకాన్ని పరిశోధనల్లో సాధారణంగా రోజుకు 40 మిల్లీగ్రాముల చొప్పునే ఇస్తారు. ఇక్కడ కొలత చెంచాయే 10 గ్రాములది.

పోషకాల పట్టికలో 100 గ్రాములకు ప్రొటీన్ 98, తేమ 6 అని ఉంది, కలిపితే 104! ప్రొటీన్‌ను నేరుగా కాక, అందులోని నత్రజనిని కొలిచి ఒక అంకెతో గుణించి లెక్కిస్తారు; ఆ నత్రజనిని కొలాజెన్‌కు తగిన 5.55తో కాక, మామూలు 6.25తో గుణించి ఉంటారని నా అనుమానం. సరైన లెక్కన ప్రొటీన్ 87 దాకా వస్తుంది. ఈ విషయాలన్నీ వివరంగా వ్రాసి అడిగితే, కంపెనీ వారు పది శాతం తగ్గింపు కూపన్ పంపారు.

మాంసాహారమని తెలిపే గోధుమ రంగు త్రిభుజం డబ్బా వెనుక కందిగింజంత ఉంది. మా అమ్మగారు దాన్ని చూడలేదు కానీ, గ్లాసు నోటి దగ్గర పెట్టుకోగానే వాసన పట్టేసి, “శనివారం నాకు ఇది వద్దురా” అన్నారు. ఆ రోజులు పోను మిగతావన్నీ క్రమం తప్పకుండా తాగారు. మెట్లు ఎక్కడం కాస్త తేలికైందంటున్నారు; అయితే అదే నెలలో ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామాలు కూడా మొదలుపెట్టారు కనుక, ఆ మేలును ఈ పొడి ఖాతాలో వేయలేను. పొడికి మూడు నక్షత్రాలు, డబ్బా మీది రాతలకు ఒకటి.