కలప ఇల్లా, ఇటుక ఇల్లా: ఏది మేలు?

కొత్త ఇల్లు దేనితో కట్టాలని ఎవరైనా అడిగితే నేను ముందు స్థలం గురించి అడుగుతాను. వానాకాలంలో నీళ్లు నిలుస్తాయా? చెదలున్నాయా? భూకంపాలు వచ్చే చోటా? దగ్గర్లో చేయి తిరిగినవాళ్లు తాపీమేస్త్రీలా, వడ్రంగులా? ఫొటోలు ఆ తర్వాత చూసుకోవచ్చు.

అన్నిటికంటే పెద్ద సంగతి నీళ్లు. ఎప్పుడూ తడి తగిలే పాత ద్వారబంధం ఒకటి దొరికితే అడుగున స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, మొన మాత్రం మెత్తగా లోపలికి దిగిపోతుంది. అదే కర్ర నడుమెత్తున గట్టిగా ఉంటుంది. కర్ర మంచిదే, కింద నెమ్ము తిన్నది. తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం కలప కుళ్లదు. నార్వేలో పాత చెక్క చర్చిల స్తంభాలను నేలలో పాతేవాళ్లు, అవి కుళ్లిపోయేవి. తర్వాత రాళ్ల మీద దూలాలు పరిచి, వాటిపై స్తంభాలు నిలబెట్టారు. అలా 12వ శతాబ్దంలో కట్టిన బోర్గుండ్ చర్చి ఇప్పటికీ నిలిచి ఉంది. అందుకే కలప ఇంటికి ఎత్తయిన పునాది, బాగా ముందుకొచ్చిన చూరు ఉండాల్సిందే. ఈ రెండిటికీ ఖర్చు తగ్గించుకుందామనుకునేవాళ్లు కలప జోలికి పోకపోవడమే మంచిది.

ఇటుక గోడకూ నెమ్ము ఎక్కుతుంది, పెచ్చులూడతాయి, తెల్లగా ఉప్పు తేలుతుంది. కానీ బాగు చేసుకునే వ్యవధి ఉంటుంది. చెదలు ఇటుకను తినవు గానీ, పగుళ్లలోంచి పాకి తలుపుల దాకా వస్తాయి. కాబట్టి పునాది దగ్గర చెదల మందు అక్కడా అవసరమే.

భూమి ఊగినప్పుడు లెక్క తిరగబడుతుంది. గోడ ఎంత బరువుంటే దానిమీద అంత బలం పడుతుంది. ఘనమీటరు ఇటుక గోడ సుమారు 1,900 కిలోలు తూగితే, ఎండిన తేలిక రకం కలప 500 కిలోల దగ్గర ఉంటుంది. పైగా ఇటుక నొక్కుడును ఓర్చుకున్నట్టు లాగుడును ఓర్చుకోలేదు. భూకంపాల చోట ఇటుకతోనే కట్టాలనుకుంటే పునాది, లింటెల్ (తలుపులు, కిటికీల పైన వేసే అడ్డదూలం), కప్పు మట్టాల్లో ఇంటి చుట్టూ ఎక్కడా తెగకుండా కాంక్రీటు బ్యాండ్లు వేయించండి. ఇందులో రాజీ పడొద్దని బతిమాలి చెబుతున్నాను. కలపకు తేలికే బలం, పెనుగాలులప్పుడు మాత్రం అదే బలహీనత. అందుకే గోడను పునాదికి బోల్టులతో, కప్పును గోడకు ఇనుప పట్టీలతో బిగించాలి.

నిప్పంటే అందరికీ టెన్షనే. మందమైన దూలం నిమిషానికి సుమారు 0.7 మిల్లీమీటర్ల చొప్పున బొగ్గవుతుంది, ఆ బొగ్గే లోపలి కర్రను కాసేపు కాపాడుతుంది. సన్న చట్రానికి ఆ అవకాశం లేదు, జిప్సం బోర్డు కప్పాల్సిందే. ఈ విషయంలో ఇటుకదే పైచేయి. బయటి చప్పుళ్లు ఆపడంలోనూ అంతే.

ఇక వేడి. ఇటుక గోడ పగటి ఎండను దాచుకుని రాత్రి వదులుతుంది. పగలు ఎండ, రాత్రి చలి ఉన్నచోట అది వరం. రాత్రిళ్లూ ఉక్కపోసే చోట గోడకు నీడ లేకపోతే నిద్ర పట్టదు. చలి ప్రదేశాల్లో, మధ్యలో వేడిని బయటికి పోనివ్వని ఇన్సులేషన్ నింపిన కలప గోడల ఇల్లు త్వరగా వెచ్చబడుతుంది. కట్టడమూ త్వరగా అవుతుంది, క్యూరింగ్ కోసం, అంటే సిమెంటు గట్టిపడేదాకా తడుపుతూ ఉండటానికి, రోజులు లెక్కపెట్టక్కర్లేదు.

చెదలు, నెమ్ము ఎక్కువుంటే బ్యాండ్లు వేసిన ఇటుక ఇల్లే కట్టుకోమంటాను. భూకంపాలు, చలి, బరువు మోయలేని మెత్తటి నేల అయితే కలప మేలు, అదీ పని తెలిసిన వడ్రంగి దొరికితేనే. కింది అంతస్తు ఇటుకతో, పైది కలపతో కట్టుకోవడమూ మంచి పద్ధతే. అప్పుడు ఆ రెండూ కలిసేచోట నెమ్ము ఎక్కకుండా వేసే పొరను, ప్లాస్టరింగ్‌తో మూసేయకముందే మీ కళ్లతో చూసుకోండి.