లినక్స్ మింట్ 22 సినమన్: పాడైతే వెనక్కి తెచ్చుకోగలమా?

విండోస్ నుంచి లినక్స్‌కి మారాలనుకునేవాళ్లు ముందు అడిగేది చూడ్డానికి ఎలా ఉంటుందని. మింట్ అనే లినక్స్‌లో సినమన్ అనే డెస్క్‌టాప్ ఉంది, అందులో కింద ప్యానెల్, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం ఉంటాయి. పాత విండోస్‌కి అలవాటుపడిన చెయ్యి అరగంటలో కుదురుకుంటుంది. గట్టిగా అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. అప్‌డేట్ బెడిసికొట్టినా, డ్రైవర్ మార్చగానే స్క్రీన్ నల్లబడినా, కమాండ్లు కొట్టే టెర్మినల్ ముఖమే చూడని మనిషి నిన్నటి స్థితికి ఎలా వెళ్లాలి? కొత్తగా మారేవాళ్లకి మింట్‌నే ముందు చెప్పడానికి కారణం, ఈ ప్రశ్నకి దాని దగ్గర టైమ్‌షిఫ్ట్ అనే జవాబు, అంటే సిస్టమ్‌ని పాత స్థితికి తిప్పే ప్రోగ్రామ్, ఇన్‌స్టాల్ చేయగానే సిద్ధంగా ఉండటమే.

2024 జులైలో వచ్చిన ఈ వెర్షన్‌కి పునాది ఉబుంటు అనే మరో లినక్స్‌లోని 24.04 వెర్షన్. సెక్యూరిటీ అప్‌డేట్లు 2029 దాకా వస్తాయి. 2 జీబీ ర్యామ్ చాలంటారు గానీ, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే ఆ మాట నిలబడదు. 4 జీబీతో పని నడుస్తుంది, 8 ఉంటే హాయి. పాత ల్యాప్‌టాప్‌లో ఇంకా తిరిగే హార్డ్‌డిస్కే ఉంటే ముందు ఎస్ఎస్‌డీ వేయించండి, ర్యామ్ సంగతి తర్వాత చూడొచ్చు.

పెన్‌డ్రైవ్‌కి ఎక్కించుకునే ఇన్‌స్టాలేషన్ ఫైలు (ఐఎస్ఓ) దించుకున్నాక, ఆ ఫైలు మారలేదని చూపే అంకె, అంటే చెక్‌సమ్, సరిచూడటం ఎగ్గొట్టకండి. 2016 ఫిబ్రవరిలో మింట్ వెబ్‌సైట్‌లోకి చొరబడినవాళ్లు 17.3 సినమన్ డౌన్‌లోడ్ లింకుని బ్యాక్‌డోర్ (దొంగదారి) పెట్టిన ఐఎస్ఓకి మళ్లించారు. సైట్‌లోకి దూరినవాడు అక్కడున్న చెక్‌సమ్‌ని కూడా మార్చగలడు కాబట్టి, ఆ చెక్‌సమ్ ఫైలు మీద ఉన్న జీపీజీ సంతకాన్నీ (దాన్ని మింట్ వాళ్లే ఇచ్చారని రుజువు చేసే డిజిటల్ సంతకం) చూడాలి. రెండూ కలిపి ఐదు నిమిషాల పని.

విండోస్ పక్కనే పెట్టుకునేవాళ్లకి చిక్కులు మూడుచోట్ల వస్తాయి. విండోస్ డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీని ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి. కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే బయోస్ సెట్టింగుల్లో ఏది మార్చినా విండోస్ దాన్ని అడిగే అవకాశం ఉంది. ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. మింట్‌లో ఆ డ్రైవ్ తెరిస్తే ఫైళ్లు కనిపిస్తాయి గానీ ఏదీ సేవ్ కాదు. ఇన్‌స్టాలర్‌కి అసలు డిస్కే కనబడకపోతే బయోస్‌లో స్టోరేజ్ రెయిడ్ మోడ్‌లో ఉందేమో చూడండి. దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కి మార్చాలి, కానీ నేరుగా మారిస్తే విండోస్ లేవకపోవచ్చు. ముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, బయోస్‌లో మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో లేచాక మామూలు బూట్‌కి తిప్పండి.

ఇన్‌స్టాలేషన్‌లో పాటలు, వీడియోలు ఆడించే మల్టీమీడియా కోడెక్‌ల దగ్గర టిక్ పెట్టండి. సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ని బూట్‌లో ఆపే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఇన్‌స్టాలర్ ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ కాగానే నీలం తెర వచ్చి కొద్ది సెకన్లే ఆగుతుంది, వెంటనే ఒక కీ నొక్కి ‘ఎన్‌రోల్ మాక్’ (Enroll MOK) ఎంచుకోవాలి. అది చేజారితే ఎన్‌విడియా గ్రాఫిక్స్ డ్రైవర్ ఇన్‌స్టాల్ అయినట్టే కనిపిస్తుంది, లోడ్ మాత్రం కాదు.

ఇక టైమ్‌షిఫ్ట్. అది తీసే మొదటి స్నాప్‌షాట్ (ఆ సమయానికి సిస్టమ్ నకలు) సిస్టమ్ ఎంతుంటే అంత చోటు తింటుంది. ఆ తర్వాతవాటిలో మారని ఫైళ్లు హార్డ్ లింకులుగా (ఉన్న ఫైలుకే మరో పేరుగా) ఉంటాయి, మారినవే చోటు తీసుకుంటాయి. ఎఫ్ఏటీ32, ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవ్‌లు దీనికి పనికిరావు, ఈఎక్స్‌టీ4 లాంటి లినక్స్ పార్టిషన్ కావాలి. వీలైతే విడిగా 40-50 జీబీ పార్టిషన్ ఇవ్వండి. రోజువారీవి మూడు, వారంవారీవి రెండు ఉంచుకుంటే చాలు. సిస్టమ్ ఉన్న పార్టిషన్‌లోనే లెక్క లేకుండా పేర్చుకుంటూ పోతే ఒకరోజు డిస్క్ నిండిపోతుంది. అప్పుడు సరైన పాస్‌వర్డ్ కొట్టినా మళ్లీ లాగిన్ తెరే వస్తుంది. పాస్‌వర్డ్ మర్చిపోయామని కంగారుపడక్కర్లేదు: కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కి, అక్షరాల తెరలో లాగిన్ అయి, టైమ్‌షిఫ్ట్ కమాండ్‌తోనే పాత స్నాప్‌షాట్ ఒకటి తీసేసి రీస్టార్ట్ చేయండి.

కొత్త కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) వచ్చాక మెషిన్ లేవకపోతే ముందే రీస్టోర్‌కి దిగకండి. బూట్ అవుతుండగా ఎస్కేప్ నొక్కి ఏది బూట్ కావాలో అడిగే గ్రబ్ మెనూ తెప్పించి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నల్ ఎంచుకోండి. సాధారణంగా అంతటితో సరిపోతుంది. అప్పటికీ లేవకపోతే ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే అందులోనూ టైమ్‌షిఫ్ట్ ఉంటుంది. స్నాప్‌షాట్లున్న డిస్క్ చూపించి రీస్టోర్ నొక్కితే గ్రబ్‌ని కూడా తిరిగి రాస్తుంది. అందుకే ఆ పెన్‌డ్రైవ్‌ని సినిమాలకి వాడేయకండి.

ఒక్క లోటు మాత్రం పెద్ద అక్షరాలతో చెప్పాలి: టైమ్‌షిఫ్ట్ మామూలుగా హోమ్ ఫోల్డర్‌ని తాకదు. మీ ఫొటోలు, డాక్యుమెంట్లు అందులో ఉండవు. వాటికి వేరే డ్రైవ్ మీద విడిగా బ్యాకప్ పెట్టుకోవాల్సిందే.

తెలుగు టైపింగ్‌కి కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు లేఅవుట్ చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ తరహా (ఒక్కో కీకి ఒక్కో తెలుగు అక్షరం) వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టేవాళ్లు ఐబస్ అనే టైపింగ్ సాధనం, దాని ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుని అందులో ఆర్‌టీఎస్ అనే పద్ధతి ఎంచుకోవాలి. తర్వాత ఒకసారి లాగౌట్ అయితేనే పనిచేస్తుంది. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో కొట్టిన ఫైళ్లయితే ముందు కన్వర్టర్‌తో మార్చుకోవాలి.

వర్డ్, ఎక్సెల్‌ల బదులు వాడే లిబ్రెఆఫీస్ ఇంటి అవసరాలకి నిండుగా సరిపోతుంది. వర్డ్ ఫైలు తెరిస్తే పేజీలు జరిగిపోవడానికి చాలాసార్లు కారణం ఫాంటే. క్యాలిబ్రి, కేంబ్రియాల బదులు అవే కొలతలున్న కార్లిటో, కెలడియా ఉంటే చాలావరకు సర్దుకుంటుంది. మాక్రోలు నిండిన ఎక్సెల్ షీట్ల మీదే రోజంతా పని అయినా, ఫొటోషాప్ లేనిదే గడవకపోయినా విండోస్ పార్టిషన్‌ని తీసేయకండి.