కేబుల్ తీసేస్తే రికార్డింగ్ సంగతేంటి? యాప్‌లా, డిష్షా, ఏది మేలు

హైదరాబాద్‌లో కేబుల్ బిల్లు చాలా ఇళ్లలో నెలకు మూడు నాలుగు వందల మధ్య ఉంటోంది. అందులో ఛానళ్ల ధర కొంతే. 2019 ఫిబ్రవరిలో టీవీ ఛానళ్ల ధరలను నియంత్రించే ట్రాయ్ కొత్త విధానం వచ్చినప్పుడు, కనెక్షన్ కోసం కట్టే నెట్‌వర్క్ ఫీజుకు నెలకు 130 రూపాయల పరిమితి పెట్టారు. 18 శాతం జీఎస్టీ కలిపితే 153 రూపాయల 40 పైసలు. ఒక్క పే ఛానలూ పెట్టించుకోకపోయినా అది కట్టాల్సిందే. 2024లో ఆ పరిమితి కూడా ఎత్తేశారు. దాంతో "ఎలాగూ వైఫై ఉంది కదా, కేబుల్ దండగ" అనే మాట ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ వినిపిస్తోంది. మాట నిజమే. కానీ ఏడున్నర సీరియల్‌ని రికార్డు పెట్టుకుని, వంటా భోజనాలూ అయ్యాక తీరిగ్గా చూసే ఇళ్లలో ఒక పేచీ వస్తుంది. యాప్‌లో రికార్డు బటన్ ఉండదు.

ముందు యాప్‌ల లెక్క చూద్దాం. స్టార్ మా కావాలంటే జియోహాట్‌స్టార్, జెమినీకి సన్ నెక్స్ట్, జీ తెలుగుకు జీ5, ఈటీవీకి ఈటీవీ విన్. నాలుగూ కొనడం మొదలుపెడితే కేబుల్ మానేసి మిగిల్చేది పెద్దగా ఏమీ ఉండదు. ఒకటి రెండిటితో సరిపెట్టుకుంటేనే ఆదా. జియోహాట్‌స్టార్ 2025 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు రెండు పరికరాల్లో చూసుకునే సూపర్ ప్లాన్ ఏడాదికి 899 రూపాయలు, అంటే నెలకు 75. ఇలాంటి ధరలు తరచూ మారుతుంటాయి, కొనే రోజు చూసుకోవాలి. ఇంకో తిరకాసు కూడా ఉంది. చవగ్గా కనిపించే మొబైల్ ప్లాన్ టీవీలో పనిచేయదు. న్యూస్‌కి పైసా ఖర్చు లేదు. టీవీ9, ఎన్టీవీ, వీ6 లాంటివన్నీ యూట్యూబ్‌లో లైవ్ వస్తాయి.

ఈ లెక్క ఇంట్లో ముందే ఫైబర్ ఇంటర్నెట్ ఉన్నవాళ్లకే. కొత్తగా పెట్టించుకోవాలంటే 399 ప్లాన్ కూడా పన్నుతో కలిపి 471 అవుతుంది. ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొద్దామనుకుంటే కుదరదు. హెచ్‌డీలో గంట చూస్తే రెండు మూడు జీబీ ఖర్చయిపోతుంది, రోజువారీ రెండు జీబీ ప్యాక్ ఒక సీరియల్‌కీ ఒక వంటల కార్యక్రమానికీ సరి.

ఇక అసలు విషయం, రికార్డింగ్. సీరియల్ కోసమైతే బెంగ అక్కర్లేదు, యాప్‌లో ఎపిసోడ్‌లన్నీ వరసగా ఉంటాయి. కొన్ని యాప్‌లలో డబ్బు కట్టినవాళ్లకు టీవీ కంటే ముందే వచ్చేస్తాయి. జియో సిమ్ ఉంటే జియోటీవీలో చాలా ఛానళ్లకు గడిచిన ఏడు రోజుల కార్యక్రమాలు వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు. యూట్యూబ్ లైవ్‌ని కూడా చాలా ఛానళ్లలో వెనక్కి జరపొచ్చు. డౌన్‌లోడ్‌ని మాత్రం రికార్డింగ్ అనుకోవద్దు. అది ఆ ఫోన్‌లో, ఆ యాప్‌లో, గడువు తీరేదాకే ఉంటుంది. హక్కులు అయిపోతే సినిమా యాప్ నుంచే మాయమవుతుంది. మధ్యాహ్నం ఏదో ఛానల్లో వేసిన పాత సినిమా, పండగ రోజు లైవ్‌లో వచ్చిన కల్యాణం, మన పిల్ల పాడిన పాటల పోటీ, ఇవి యాప్‌లో దొరుకుతాయన్న గ్యారంటీ లేదు.

అలాంటివి దాచుకోవాలంటే డీటీహెచ్, అంటే డాబా మీద డిష్ పెట్టుకునే కనెక్షన్, అందులోనూ రికార్డింగ్ ఉన్న హెచ్‌డీ బాక్సు ఉండాలి. టాటా స్కై ప్లస్ 2008లోనే వచ్చింది, లోపలే హార్డ్ డిస్క్‌తో. ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి వెనక యూఎస్‌బీ పోర్టుకు పెన్‌డ్రైవ్ పెట్టుకునే బాక్సులు. పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫార్మాట్ చేయమంటావా అని అడుగుతుంది. సరే అన్నారా, అందులో ఉన్న పెళ్లి ఫొటోలన్నీ గోవిందా. అందుకని కొత్తది కొనండి. 32 జీబీలో హెచ్‌డీ పది గంటలు అటూ ఇటూగా పడుతుంది. ఆ రికార్డింగ్ ఆ బాక్సులో తప్ప ఇంకెక్కడా ఆడదు, కంప్యూటర్‌కి పెడితే తెరుచుకోదు. చాలా బాక్సుల్లో రీచార్జ్ అయిపోతే పాత రికార్డింగులు కూడా రావు. బాక్సులో ఛానల్‌ని పట్టే ట్యూనర్ ఒకటే ఉంటే, ఒక ఛానల్ రికార్డవుతుండగా ఇంకోటి చూడలేం. అన్నింటికన్నా పెద్ద శత్రువు గోడ మీది స్విచ్. రాత్రి పడుకునే ముందు పెద్దవాళ్లు అలవాటుగా ప్లగ్ ఆపేస్తారు, పొద్దున్నే రావాల్సిన సుప్రభాతం రికార్డవదు.

నగరంలో ఇంకో సంగతి లెక్కలోకి తీసుకోవాలి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శ్రీకృష్ణ శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సంస్థ స్తంభాల మీది కేబుల్, ఇంటర్నెట్ వైర్లను ఎక్కడికక్కడ కోయించింది. కేబుల్ తీసేసి ఫైబర్ మీదికి వచ్చినా, చాలా వీధుల్లో రెండూ వేలాడేది ఆ స్తంభానికే. డాబా మీది డిష్‌కి ఆ బాధ లేదు. అయితే గట్టి వాన పడితే సిగ్నల్ పోతుంది, ఆ పావుగంట రికార్డింగ్ కూడా పోతుంది.

క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లకు యాప్ ఒక విషయంలో నచ్చదు. లైవ్ కొన్ని సెకన్లు వెనక నడుస్తుంది. మన టీవీలో బౌలర్ ఇంకా పరిగెత్తుతుండగానే పక్కింట్లో వికెట్ కేక వినిపిస్తుంది.

ఫైబర్ ఉండి, చూసేది ఒకటి రెండు ఛానళ్ల సీరియళ్లయితే కేబుల్ తీసేయమనే చెబుతాను. రికార్డింగ్ అవసరమే పడదు. ఇంట్లో పెద్దవాళ్లు నాలుగు ఛానళ్లూ తిప్పుతారు, పాత సినిమాలు దాచుకుంటారు అనుకుంటే, కేబుల్ బదులు డీటీహెచ్‌లో కావాల్సిన ఛానళ్లు మాత్రమే విడిగా ఏరుకుని, రికార్డింగ్ ఉన్న బాక్సు తీసుకోవడం మేలు. డిష్, యాప్‌లు రెండూ వచ్చే ఆండ్రాయిడ్ బాక్సులు ఉన్నాయి కానీ, వాటిలో రికార్డింగ్ పనిచేస్తుందో లేదో బిగించడానికి వచ్చిన కుర్రాడి చేత అక్కడే పెన్‌డ్రైవ్ పెట్టించి చూసుకున్నాకే డబ్బులివ్వండి. అద్దె ఇంట్లో ఉంటే డాబా మీద డిష్ పెట్టుకోనిస్తారా అని ఓనర్‌ని ముందే అడగాలి. వద్దంటే ఇక యాప్‌లే గతి.