బ్రేకులు మార్చాక స్టీరింగ్ వణుకు: డిస్కులకు లేత్ పని మేలా, కొత్తవి మేలా?

"బ్రేకులు మార్పించాను, ఇప్పుడు స్టీరింగ్ వణుకుతోంది. డిస్కులు లేత్‌కి ఇచ్చి చదును చేయించనా, కొత్తవి కొననా?" ఈ నెలలో నలుగురు అడిగారు. అందరూ విజయనగరం, శ్రీకాకుళం మధ్య రోజూ తిరిగేవాళ్లే. పోయిన ఏడాది నేనూ ఈ బాధ పడ్డాను.

ముందు వణుకు ఎప్పుడొస్తోందో చూడండి. బ్రేకు మీద కాలు లేకుండానే 80, 90 దగ్గర వణికితే వీల్ బ్యాలెన్సింగ్ చేయించండి, టైర్లు చూపించండి. బ్రేకు తొక్కినప్పుడే స్టీరింగ్ ఊగుతోందంటే ఎక్కువసార్లు ముందు చక్రాల డిస్కుల్లోనే (ప్యాడ్లు నొక్కిపట్టి ఆపే ఇనుప పళ్లేలు) తేడా ఉంటుంది.

నా కారుకి కొత్త డిస్కులు, ప్యాడ్లు పడి రెండు నెలలైంది. నాతవలస టోల్ గేటు దగ్గర 90 నుంచి వేగం తగ్గిస్తుంటే స్టీరింగ్ చేతుల్లో దడదడలాడింది. డిస్కులు నాసిరకం, మళ్లీ కొత్తవి వేయాలన్నారు పని చేసిన గ్యారేజీవాళ్లు. మనసొప్పక ఇంకో మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. ఆయన డిస్కు ఊడదీసి హబ్ (డిస్కు, చక్రం బిగించే భాగం) మీద స్క్రూడ్రైవర్‌తో గీస్తే తుప్పు పెచ్చులుగా రాలింది. "ఏటి బాబూ, ఈ తుప్పు మీదే కొత్త డిస్కు పెట్టేసినారా?" అన్నాడు.

డిస్కుకీ హబ్‌కీ మధ్య వెంట్రుకంత తుప్పు చాలు, డిస్కు వంకరగా కూర్చుని, తిరిగేటప్పుడు పక్కలకి ఊగుతుంది. చాలా కార్లకి ఆ ఊగు 0.05 నుంచి 0.10 మి.మీ. లోపే ఉండాలి. నా దానికి ఆ ఊగు కొలిచే డయల్ గేజ్ ముల్లు 0.14 చూపింది. వైరు బ్రష్, ఎమరీ పేపర్‌తో హబ్ మెరిసేదాకా రుద్ది బిగిస్తే 0.03కి దిగింది. ఊగుతున్న డిస్కు ప్రతి చుట్టులోనూ ఒకేచోట ప్యాడ్‌కి రాసుకుని అక్కడే అరుగుతుంది. మందంలో తేడా వచ్చాక వణుకు మొదలవుతుంది. బిగించిన రోజు బాగానే ఉండి రెండు నెలలకు బయటపడేది అందుకే. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో తుప్పు పట్టని హబ్ అరుదు.

ఇక లేత్ పనా, కొత్తవా? డిస్కు మీద సాధారణంగా కనీస మందం ముద్రించి ఉంటుంది. నా డిస్కులు కొత్తప్పుడు 22 మి.మీ., కనీసం 20. రెండు నెలలకి పెద్దగా అరగవు కాబట్టి రెండు పక్కలా సన్నగా లేత్ పట్టించాను, వణుకు పోయింది. మీవీ కొత్తవైతే నా ఓటు లేత్‌కే. పాతబడి కనీస మందానికి దగ్గరపడితే మాత్రం లేత్ వద్దు. పలచబడ్డ డిస్కు సాలూరు ఘాట్ దిగేటప్పుడు త్వరగా వేడెక్కుతుంది. అప్పుడు కొత్తవే, అదీ జతగా. ఒక్కటే మార్చడం, ప్యాడ్లు మాత్రం మార్చి చూడడం డబ్బు దండగ.

ఏది చేయించినా కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగం) పిన్నులు సాఫీగా కదులుతున్నాయో లేదో చూడమనండి. వీల్ నట్లు గాలి గన్‌తో కొట్టి వదిలేయకుండా, ఎదురెదురుగా టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచి బిగించే పానా) బిగించమనండి. డిస్కు ఎక్కించేముందు హబ్ మీకు చూపించమనండి. ఆ రెండు నిమిషాలు పక్కనే నిలబడండి.