రెండేళ్ల పిల్లవాడికి పుట్టినరోజు ప్యాకేజీ కొనేముందు

నగర శివార్లలోని ఒక వాటర్ పార్కు రిసార్టు మా మనవడి రెండో పుట్టినరోజు పేరు చెప్పి మా దగ్గర 8,830 రూపాయలు వసూలు చేసింది. అంత సొమ్ము తీసుకున్న చోట పిల్లవాడు నీళ్లలో కాలు పెట్టింది లేదు, కడుపు నిండా తిన్నది లేదు, కంటినిండా పడుకున్నది లేదు. అదే వారంలో, అసలు పుట్టినరోజున, జూపార్కులో వాడు పొందిన సంతోషం చూశాక ఇది రాయకుండా ఉండలేకపోయాను. పసిపిల్లలున్న ఇళ్లవాళ్లు ఇలాంటి ప్యాకేజీలకు డబ్బు కట్టేముందు ఒకసారి ఆలోచించాలి.

మేముండేది హైదరాబాదులోని కర్మన్‌ఘాట్‌లో. ఇంట్లో నేను, మా ఆవిడ, అబ్బాయి, కోడలు, మనవడు. పుట్టినరోజు బుధవారం వచ్చింది కాబట్టి అందరికీ సెలవుండే ముందు ఆదివారమే బయటికి వెళ్దామని అబ్బాయి పట్టుబట్టాడు. ఎక్కడికి అన్నదాని మీద వారం రోజులు చర్చ నడిచింది.

అబ్బాయి మనసు మొదటి నుంచీ వండర్‌లా మీదే. 2016లో రావిర్యాల దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పక్కన తెరిచారు, మాకు దూరమూ కాదు. అక్కడ టికెట్‌కు వయసు లెక్క కాదు, ఎత్తు లెక్క. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు ఉచితం, అక్కడి నుంచి 140 వరకు పిల్లల టికెట్. కోడలు వాణ్ణి తలుపు చట్రానికి ఆనించి నిలబెట్టి పెన్సిల్‌తో గీత గీసి టేపుతో కొలిచింది: 84. రెండేళ్ల పిల్లలు చాలామంది ఆ గీతకు అటో ఇటో ఉంటారు, కాబట్టి బయలుదేరే ముందు ఇంట్లోనే కొలుచుకోండి. అయితే పిల్లవాడికి ఉచితమని సంబరపడి నలుగురు పెద్దలం పూర్తి టికెట్లు కొని చేసేదేమిటి? ఆ పార్కు పేరు నిలబడింది పెద్ద పెద్ద ఆటల మీద. రెండేళ్లవాణ్ణి చంకనేసుకుని వాటిని కింద నుంచి చూడటానికి అంత ఖర్చు దండగ. వాడికి ఏడెనిమిదేళ్లు వచ్చాక తప్పకుండా తీసుకెళ్లవలసిన చోటు అది.

రామోజీ ఫిల్మ్ సిటీ మా ఆవిడ కోరిక. విజయవాడ రహదారి మీద, హయత్‌నగర్ దాటాక వస్తుంది. 1996లో మొదలైంది, ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో ప్రాంగణంగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. చూడవలసిందే, సందేహం లేదు. కానీ పొద్దున వెళితే చీకటి పడేదాకా తిరిగే చోటు. బస్సులెక్కుతూ దిగుతూ సెట్లు చూడటం పెద్దలకు ముచ్చట, పన్నెండు గంటలకు నిద్రకు ఏడ్చే పిల్లవాడికి శిక్ష. మాల్‌లో పిల్లలు ఆడుకునే గదుల సంగతి కోడలు ఎత్తింది. గంటకింత అని తీసుకుంటారు, ప్రత్యేకమైన మేజోళ్లు వాళ్ల దగ్గరే కొనాలంటారు, అయినా ఏసీ ఉంటుంది, వానలోనూ ఎండలోనూ పనికొస్తుంది. కానీ పుట్టినరోజున నాలుగు గోడల మధ్య ఎందుకని మా ఆవిడ కొట్టిపారేసింది.

అప్పుడు వచ్చింది ఈ ప్యాకేజీ. ఫోనులో రిసార్టు అమ్మాయి ఎంత తీయగా మాట్లాడిందంటే అబ్బాయి అక్కడికక్కడే 2,000 అడ్వాన్సు కట్టేశాడు. నలుగురు పెద్దలకు, ఒక పిల్లవాడికి 6,500. ప్రవేశం, రోజంతా ఏసీ గది, పసిపిల్లల కొలను, మధ్యాహ్న భోజనం, అరకిలో కేకు. వాట్సాప్‌లో పంపిన కాగితం మీద ఈ అయిదూ వరుసగా రాసి ఉన్నాయి. అది ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉంది.

కారుకు రానుపోను 2,600 మాట్లాడుకుని పదిన్నరకు గేటు దగ్గర దిగాం. మొదటి దెబ్బ అక్కడే. మిగిలిన 4,500 కట్టబోతే పన్ను పేరుతో మరో 1,170 అడిగారు. ఫోనులో పన్ను ఊసే లేదు. తరువాత సంచులు సోదా చేశారు. కోడలు పొద్దున్నే లేచి పప్పన్నం మెత్తగా చిదిమి, నెయ్యి వేసి, చిన్న స్టీలు డబ్బాలో పెట్టుకుంది. కాపలా మనిషి ఆ డబ్బా తీసి పక్కన పెట్టాడు.

"అన్నా, అది పిల్లవాడి అన్నం. మా కోసం ఏమీ తేలేదు" అంది కోడలు.

"బయటి తిండి లోపలికి పంపించొద్దన్నారమ్మా. మేనేజరుగారు చెప్పాలి."

మేనేజరుగారు రావడానికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. ఎండలో నిలబడ్డాం. శివరాత్రి దాటాక హైదరాబాదు ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. ఆయన వచ్చి పాలసీసా ఒక్కటి పోనిచ్చి, అన్నం డబ్బాను గేటు పక్క చెక్క బల్ల మీద పెట్టించాడు. పంటి కింద వక్కలు కొరకలేని పిల్లవాడి పప్పన్నం వల్ల వాళ్ల హోటలు వ్యాపారానికి ఏం నష్టమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. కోడలు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ తరువాత రోజంతా ఆ అమ్మాయి సరిగా మాట్లాడలేదు.

లోపల నీళ్లలో దిగాలంటే నైలాను బట్టలు ఉండాలి, నూలు బట్టలు కుదరవు. ఈ నిబంధన వాటర్ పార్కుల్లో మామూలే, దాన్ని తప్పుపట్టను. కానీ పిల్లవాడి చెయ్యి పట్టుకుని గట్టు మీద నిలబడే నాకూ మా ఆవిడకూ కూడా అద్దె బట్టలు తప్పవన్నారు. మనిషికి 120 చొప్పున 480. సామాను పెట్టుకునే అరకు 150. ఇవన్నీ కట్టి పసిపిల్లల కొలను దగ్గరికి వెళితే అందులో చుక్క నీరు లేదు. నీలం పలకలు ఎండకు కాలిపోతున్నాయి, అడుగున ఎండిపోయిన పాచి చార, మూలన ఒక విరిగిన ప్లాస్టిక్ బాతు. మోటారు చెడి చాలా రోజులైందని ఊడ్చే ఆవిడ చెప్పింది. పిల్లవాడు ఆ బాతును చూపించి "నీళ్లు, నీళ్లు" అంటుంటే ఏం చెప్పాలో తెలియలేదు. ఆ సంగతి ముందే తెలిసి డబ్బు తీసుకున్నారు, నా కోపమంతా అందుకు.

గది రెండింటికి గానీ ఇవ్వమన్నారు. రోజంతా అని రాశారు కదా అని కాగితం చూపిస్తే, "రోజంతా అంటే రెండింటి నుంచి ఆరింటి వరకు" అని జవాబు. పన్నెండుకు వాడికి నిద్ర ముంచుకొచ్చింది. రేకుల షెడ్డు కింద ప్లాస్టిక్ కుర్చీలో మా ఆవిడ ఒళ్లో పడుకోబెట్టుకుంటే నెత్తి మీదే లౌడ్‌స్పీకరు. నాలుగుసార్లు ఉలిక్కిపడి లేచాడు. చివరికి గది ఇచ్చారు. దుప్పటి మీద ముందువాళ్ల తల వెంట్రుకలు, ఏసీ రిమోటు కోసం మళ్లీ కింది దాకా నడక.

భోజనంలో గోంగూర పచ్చడి, ముద్దపప్పు బాగున్నాయి, ఆ వంటవాడికి వంక పెట్టనక్కరలేదు. కానీ ఆ పప్పులోనూ ఎండుమిరపకాయల తాలింపు ఉండటంతో పిల్లవాడు ఉమ్మేశాడు. పెరుగన్నం విడిగా 180. అదీ రెండు ముద్దలే తిన్నాడు. కేకు మీద మా వాడి పేరుకు బదులు ఎవరో ఆడపిల్ల పేరు ఉంది. చెంచాతో ఆ అక్షరాలు గీకి తెచ్చారు. కోయడానికి బల్ల వేసినందుకు 350.

లెక్క వేస్తే: 6,500, పన్ను 1,170, బట్టలు 480, అర 150, పెరుగన్నం 180, బల్ల 350. మొత్తం 8,830, కారుతో కలిపి 11,430. బిల్లు అడిగితే తెల్ల చీటీ మీద అంకెలు రాసి ఇచ్చారు. జీఎస్‌టీ నంబరు లేదు. పన్ను వసూలు చేసేవాళ్లు బిల్లు మీద ఆ నంబరు వేసి తీరాలి. "నంబరు చూపించండి, లేకపోతే 1,170 వెనక్కి ఇవ్వండి" అన్నాను. "పెద్దవారు మీరు, పుట్టినరోజు పూట ఎందుకు సార్" అంటూ వచ్చేసారికి పది శాతం తగ్గింపు కూపను చేతిలో పెట్టబోయాడు మేనేజరు. తీసుకోలేదు. "వదిలేయండి నాన్నా, వెళ్దాం" అని అబ్బాయి చెయ్యి పట్టుకుని లాగాడు. వాడికి నలుగురిలో గొడవ నచ్చదు. గేటు దగ్గర తిరిగి ఇచ్చిన పప్పన్నం డబ్బా మూత తీస్తే పులిసిన వాసన.

ఇక బుధవారం. ఆ రోజు ఉద్యోగాలకు సెలవు పెట్టించింది మా ఆవిడే. పొద్దున్నే కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడిలో వాడి పేరున అర్చన చేయించి, అక్కడి నుంచి ఆటోలో చాంద్రాయణగుట్ట మీదుగా బహదూర్‌పురా జూపార్కుకు వెళ్లాం. ఆటోకు 320. సోమవారం జూకు సెలవు, ఆదివారం కాలు పెట్టే సందుండదు. మామూలు వారపు రోజు పొద్దున వెళితే చాలా తేడా ఉంటుంది. 1963లో తెరిచిన జూ అది, మీర్ ఆలం చెరువును ఆనుకుని 380 ఎకరాలు. రెండేళ్లవాడికి ఆ 380 ఎకరాలూ అక్కరలేదు, మాకూ అక్కరలేదు. బ్యాటరీ బండిలో ఒక చుట్టు, చిన్న రైలులో ఒక చుట్టు, తరువాత చెట్ల నీడన నాలుగైదు జంతువుల దగ్గర తీరిగ్గా నిలబడటం. సఫారీ జోలికి పోలేదు. వరుసలో నిలబెట్టి పిల్లవాణ్ణి విసిగించడం ఎందుకు?

పులి దగ్గర వాడు పెద్దగా స్పందించలేదు. ఏనుగును చూసి చేతులు చాచాడు. కానీ నీటి ఏనుగు దగ్గర జరిగింది మాత్రం మేము ఎన్నటికీ మరిచిపోం. మడుగులో ముక్కుపుటాలు మాత్రం పైకి పెట్టి ఉన్న ఆ జంతువు ఉన్నట్టుండి తల ఎత్తి, గులాబీరంగు నోరు బార్లా తెరిచింది. మా వాడూ దాన్నే చూస్తూ తన నోరు అంతే బార్లా తెరిచాడు. మూయడే! కోడలు చటుక్కున డబ్బా తీసి పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టింది. మింగి మళ్లీ తెరిచాడు. ఆదివారం రెండు ముద్దలు తిన్న పిల్లవాడు డబ్బా మొత్తం ఖాళీ చేశాడు. కోడలు ఎంతసేపు నవ్విందో! మూడు రోజులుగా ముభావంగా ఉన్న అమ్మాయి అలా నవ్వడం చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. పక్కనున్న కుటుంబంలో పిల్లలు కూడా నోళ్లు తెరిచి వరుసగా నిలబడ్డారు.

పన్నెండుకు ఒక పెద్ద మర్రి నీడలో దుప్పటి పరిచాం. గంటన్నర పడుకున్నాడు. టికెట్లు, బండి, రైలు, ఆటోలు, వచ్చేటప్పుడు దారిలో తాగిన చెరకు రసం, అన్నీ కలిపినా మూడు వేలు దాటలేదు. లోటు లేదని అనను. తాగునీటి దగ్గర అడుగడుగునా బురద, నడక ఎక్కువ. చక్రాల బండి ఉన్నవాళ్లు తప్పక తీసుకెళ్లండి, మా ఆవిడ మోకాళ్లు మరునాడు పట్టేశాయి. అయినా మళ్లీ ఎప్పుడు వెళ్దామని ఆవిడే అడుగుతోంది.

ప్యాకేజీ కొనక తప్పదనుకునేవాళ్లకు నా మాట ఒకటే. పసిపిల్లల కొలనులో ఆ పొద్దున నీళ్లున్న ఫోటో, గది తాళం ఇచ్చే సమయం, పన్నుతో కలిపిన మొత్తం, పిల్లవాడి అన్నం డబ్బా లోపలికి రానిస్తామన్న మాట, ఈ నాలుగూ రాతపూర్వకంగా వచ్చేదాకా పైసా అడ్వాన్సు కట్టకండి. మోసపోయినవాళ్లు 1915కు ఫోను చేయండి, అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం. తెల్ల చీటీ, వాట్సాప్ కాగితం, ఎండిపోయిన కొలను ఫోటో జతచేసి నేను ఫిర్యాదు నమోదు చేశాను. వదిలేయమన్న మా అబ్బాయే ఆ ఫోటోలు ఎక్కించి పెట్టాడు. 1,170 తిరిగి రాబట్టేదాకా నేను ఊరుకోను.