కొత్తవాడ జంపఖానా: ఒక టెంట్ హౌస్ అనుభవం

వరంగల్‌లో మాది టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు, జంపఖానాలు కిరాయికి ఇస్తాం. పెండ్లి అయినా దినకర్మ అయినా, కుర్చీల లెక్క చెప్పగానే జనం అడిగేది జంపఖానాల గురించే. ఇంట్లో పరుచుకునేవాళ్లకు ఏళ్ల మీద తెలిసే సంగతి మాకు ఒక్క పెండ్లిళ్ల సీజన్‌లో తెలిసిపోతుంది. రోజుకో చోట పరుస్తాం, వందల మంది తొక్కుతారు, పప్పుచారు పడుతుంది, ట్రాలీ ఆటోలో విసిరేస్తారు. దీన్ని తట్టుకున్నది ఎక్కడైనా తట్టుకుంటుంది.

పోయిన మాఘమాసం ముందర మా ఊళ్లోనే నేతగాళ్ల పేట అయిన కొత్తవాడలో ఒక చేనేత సొసైటీ నుంచి కొత్త నూలు జంపఖానాలు తీసుకున్నాను. చవకగా వస్తున్నాయని వేరే హోల్‌సేల్ షాపులో కొన్ని సింథటిక్ కార్పెట్లు కూడా కొన్నాను. రెండింటినీ ఒకే సీజన్‌లో, ఒకే రకం పనికి వాడాను. సీజన్ అయిపోయాక సింథటిక్ వాటిలో సగం పక్కన పడేయాల్సి వచ్చింది. కొత్తవాడవి ఒక్కటి కూడా పాడవలేదు.

ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు ఉన్నదానికి నేను 2,800 రూపాయలు ఇచ్చాను. సింథటిక్ దానికి ఇందులో సగం కూడా కాలేదు. మొదట చూస్తే ఎక్కువే అనిపిస్తుంది. కానీ భుజాన వేసుకుంటేనే తేడా తెలుస్తుంది. మంచి బరువు. పేక నూలు (అడ్డంగా నేసే దారం) లావుగా ఉండి ఎంత దగ్గరగా కొట్టి ఉంటుందంటే, గోరుతో జరిపి చూస్తే తప్ప లోపలి పడుగు (నిలువు దారం) కనిపించదు. తిరగేస్తే వెనకా ముందూ ఒకేలా ఉంటుంది. మాకు ఇది చాలా పెద్ద సౌకర్యం. పొద్దున పూజకు ఒక వైపు వాడి, మాసిందనిపిస్తే సాయంత్రం భోజనాలకు రెండో వైపు తిప్పేస్తాం. చూసేవాళ్లకు కొత్తది పరిచినట్టే ఉంటుంది.

ఎండాకాలం మధ్యాహ్నం దినకర్మలకు ముసలివాళ్లు రెండు మూడు గంటలు బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. సింథటిక్ మీద అయితే అరగంటకే కింద చెమట పట్టి, కాళ్లు దురద పెట్టి లేచి కుర్చీలు అడుగుతారు. నూలు జంపఖానా మీద కూర్చున్నవాళ్లు లేవరు. పందిట్లో అగరుబత్తి నిప్పో, బీడీ నిప్పో రాలినప్పుడు కూడా ఇంతే. సింథటిక్ కరిగి బొక్క పడుతుంది, దాని అంచులు గట్టిపడి కాళ్లకు గుచ్చుకుంటాయి. నూలు మీద అయితే చిన్న నల్ల మచ్చ పడుతుంది, అంతే. ఉతికితే అది కూడా వెలిసిపోతుంది.

లోపాలు లేవని చెప్పను. ఎరుపు రంగు దిగుతుంది. ఒక గృహప్రవేశంలో తడి ఆరని గచ్చు మీద పరిస్తే, పక్కనున్న తెల్ల పరుపు గలీబుకు ఎర్రగా అంటుకుంది. ఆ ఇంటివాళ్లకు గలీబు డబ్బులు కట్టి ఇచ్చాను. తర్వాత కొత్తవాడ వెళ్లి నేసే పెద్దాయనను అడిగితే, "తమ్మీ, కొత్తది తెచ్చినంక ఉప్పు ఏసిన చల్లనీళ్లల్ల ఒక రాత్రి నానబెట్టాలె. మొదటి రెండు ఉతుకులు దేనితోని కలపొద్దు. నీడకు ఆరెయ్యి" అన్నాడు. అట్లా చేసినవి మళ్లీ దిగలేదు. ఈ మాట అమ్మేటప్పుడే చీటీ మీద రాసి ఇవ్వాలి. కొనేవాళ్లందరూ మగ్గం దాకా వెళ్లి అడగరు కదా. నీలం, ఆకుపచ్చ, బూడిద రంగుల్లో నాకు ఈ ఇబ్బంది రాలేదు.

రెండో లోపం వాన. ఒకసారి తడిసిందంటే ఇద్దరు మోయాల్సిందే. ఎండ లేకపోతే రెండు రోజులైనా ఆరదు. తడితో మడిచి పెడితే ముక్కిన వాసన పడుతుంది, ఆ వాసన పోవడం కష్టం. శ్రావణంలో పెండ్లిళ్లు ఉన్నవాళ్లు బయట పరచడానికి ఇది తీసుకోకండి, లోపలి హాలుకైతే సరే. పసుపు మరక కూడా పూర్తిగా పోదు. ముదురు రంగు డిజైన్ తీసుకుంటే ఆ బాధ ఉండదు.

కొలతల్లో కూడా కొంచెం తేడా వస్తుంది. ఆరు తొమ్మిది అన్నది ఒక్కోసారి రెండు వేళ్లు తగ్గుతుంది. చేతి నేతలో అది మామూలే. ఇంట్లో గదికి సరిగ్గా పట్టాలనుకునేవాళ్లు టేపు పట్టుకుని వెళ్లండి.

చేతిదో మిషన్‌దో తెలుసుకోవడానికి నేను చూసేవి రెండే. పక్క అంచు పట్టుకుని చూడండి. చేతి నేతలో పేక అంచు దగ్గర తిరిగి వెనక్కి వస్తుంది, అక్కడ కత్తిరింపు ఉండదు. మిషన్ సరుకుకు చాలావరకు అంచు కత్తిరించి కుట్టు వేసి ఉంటుంది. తర్వాత రెండు చివర్ల కుచ్చులు చూడండి. అవి పడుగు దారాలే మిగిలి ముడివేసినవై ఉండాలి, విడిగా తెచ్చి కుట్టినవి కాకూడదు. చేనేత మార్కు ఉన్న లేబుల్ అడగండి. 1985 చేనేత రిజర్వేషన్ చట్టం చేతి మగ్గానికే కేటాయించిన 11 రకాల్లో జంపఖానా ఒకటి. అయినా బజారులో మిషన్ సరుకు చేనేత పేరు మీద అమ్ముతూనే ఉన్నారు. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. ఈ పేరు మన ఊరిది, దాన్ని అడిగి తీసుకోవాలి.

నాకు ఈ పట్టింపు బాపు నుంచి వచ్చింది. ఆయన ఆజంజాహి మిల్లులో స్పిన్నింగ్ కార్మికుడు. నిజాం ఉస్మాన్ అలీఖాన్ 1934లో తన పెద్ద కొడుకు పేరు మీద పెట్టిన మిల్లు అది. చుట్టూ పండే పత్తి లోపలికి పోయి బట్టగా బయటికి వచ్చేది. ఈ ఊళ్లో పెండ్లి సంబంధం చూసేటప్పుడు "పిల్లగాడు మిల్లుల చేస్తడు" అంటే ఇంకో ప్రశ్న అడిగేవాళ్లు కాదు. 2002 నాటికి అది పూర్తిగా మూతపడింది. బాపుకు వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) కింద వచ్చిన డబ్బుతోనే ఈ టెంట్ హౌస్ పెట్టాం. మొదటి సరుకు కొనేటప్పుడు ఆయన షామియానాల బేరం నాకు వదిలేసి, జంపఖానాలు మాత్రం తానే ఎంచాడు. ఒక్కొక్కటి వెలుతురుకు ఎత్తి పట్టి, నూలు ఎక్కడ పలచబడిందో చూసి పక్కన పెట్టాడు. ఆ రోజు ఆయన ఎంచినవాటిలో కొన్ని ఇప్పటికీ కిరాయికి పోతున్నాయి. రంగు వెలిసింది, కుచ్చులు రాలిపోయాయి, నేత మాత్రం చెక్కుచెదరలేదు.

మిల్లు పోయాక ఆ స్థలంలో ప్లాట్లు లేచాయి. కొత్తవాడలో కూడా ఒకప్పుడు ఏ సందులోకి పోయినా మగ్గం చప్పుడే. ఇప్పుడు వెతుక్కుంటూ పోవాలి. పద్మశాలీ కుటుంబాలు ఎన్నో సూరత్‌కూ భివండికీ వలస పోయాయి. అక్కడి పవర్‌లూమ్‌ల మీద మన వరంగల్ చేతులే పనిచేశాయి. 2017లో శాయంపేట దగ్గర మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు, పోయినవాళ్లు తిరిగి వస్తారని అందరం ఆశపడ్డాం. పార్కులో ఫ్యాక్టరీలు రావడం మంచిదే. కానీ కొత్తవాడ మగ్గానికి పని దొరికేది మనం జంపఖానా కొంటేనే. సర్కారు హాస్టళ్లకు జంపఖానాలు నేసే ఆర్డర్ల మీదే బతికితే, ఆ ఆర్డర్ ఆగిన నెల మగ్గం ఆగుతుంది.

రంగు దిగకుండా చిట్కా చెప్పిన ఆ కొత్తవాడ పెద్దాయన ఇంట్లో వెడల్పు మగ్గం మీద భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని నేస్తారు. ఆయన ఇటు నుంచి నాడె (పేక దారాన్ని అటూ ఇటూ మోసేది) విసిరితే ఆమె అటు నుంచి అందుకుని తిరిగి విసురుతుంది. మాట్లాడుకోవడం ఉండదు, చేతులకు లెక్క తెలుసు. వాళ్ల పిల్లలు మగ్గం ఎక్కలేదు, ఎక్కమని వాళ్లు అనలేదు కూడా. వాళ్ల మీద జాలితో కొనమని ఎవరికీ చెప్పను. వాళ్లు చేసే సరుకు నా వ్యాపారంలో అన్నిటికంటే ఎక్కువ కాలం మన్నింది. అందుకే మళ్లీ అక్కడే కొంటాను.

ఇంటి కోసం అయితే మూడడుగులు ఆరడుగులది ముందు ఒకటి తీసుకుని చూడండి. వేపాకు వేసి మడిచి, నేల తగలకుండా చెక్క మీద పెడితే పురుగు పట్టదు. టెంట్ హౌస్, ఫంక్షన్ హాల్ వాళ్లు అయితే పేరు అంచులో నేయించుకోవచ్చు, నేను ఈసారి నేయించాను. పేరు ఉన్నది ఎవరి ఇంటికి పోయినా తిరిగి వస్తుంది. ఆర్డర్ మాత్రం దసరా లోపే ఇవ్వండి. కార్తీకం దాటాక అడిగితే పెండ్లిళ్ల సీజన్‌కు అందవు, ఉన్న మగ్గాలు అంతే.