పేరులేని హెర్క్యులిస్ కార్డు, అంబర్ మానిటర్: పన్నెండేళ్ళ వాడకం తర్వాత

2012లో హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరికింది ఈ అంబర్ మానిటర్, నల్లటి తెర మీద పసుపు-నారింజ రంగు అక్షరాలు మాత్రమే చూపించేది. పాత టేబుల్ ఫ్యాన్లకీ మిక్సీ మోటార్లకీ మధ్య, గోనెపట్టా మీద బోర్లా పడుకోబెట్టి ఉంది. పనిచేస్తుందా అని అడిగితే, "ఇంటికి తీస్కపోయి చూస్కో అన్నా" అన్నాడు అమ్మేవాడు. నాలుగొందలు. బేరం ఆడకుండా ఇచ్చేశానని జాలిపడ్డాడో ఏమో, ఓ కవరు నిండా పాత కార్డులు కూడా ఊరికే పడేశాడు. పాత పీసీల్లో తెర మీద అక్షరాలూ బొమ్మలూ చూపించే ఈ హెర్క్యులిస్ కార్డు అందులోదే.

కార్డు మీద కంపెనీ పేరు లేదు, మోడల్ నంబరు లేదు. అదేమిటో కనిపెట్టడానికే నాకు నెల పట్టింది. ఇలాంటిది మీ చేతికి వస్తే ముందు క్రిస్టల్, అంటే కార్డు నడిచే వేగాన్ని నిర్ణయించే భాగం, చూడండి. చిన్న వెండి డబ్బీలా ఉంటుంది, దాని మీద ఫ్రీక్వెన్సీ అచ్చు వేసి ఉంటుంది. నా దాని మీద 16.257 అని ఉంది. ఐబీఎం మోనోక్రోమ్ (ఒకే రంగు) కార్డు, దాని బాటలో వచ్చిన హెర్క్యులిస్ రకాలు, వాటి నకళ్ళు చాలావరకు ఆ 16.257 మెగాహెర్ట్జ్ మీదే నడుస్తాయి. తర్వాత పెద్ద చిప్‌లు. నా దాంట్లో యూఎమ్‌సీ వాళ్ళ యూఎమ్6845 ఉంది, మోటరోలా 6845 డిస్‌ప్లే కంట్రోలర్‌కి నకలు. చిప్ మీద నాలుగంకెల కోడు 8738. అంటే 1987లో 38వ వారంలో తయారైందని. చిప్ పుట్టిన తేదీ కార్డు పుట్టిన తేదీ కాదు గానీ, కార్డు అంతకంటే పాతది కాదని మాత్రం తేలిపోతుంది. వెనకవైపు ఎఫ్‌సీసీ ఐడీ (అమెరికా ప్రభుత్వ సంస్థ ఇచ్చే అనుమతి నంబరు) ఉంటే మీ పని సగం అయినట్టే, దాని మొదటి మూడక్షరాలే కంపెనీని పట్టిస్తాయి. నా దాని మీద అదీ లేదు.

ఇది ఉత్త ఐబీఎం రకమా, హెర్క్యులిసా అన్నది మెమరీ చెప్పింది. ఐబీఎం మోనోక్రోమ్ కార్డులో 4 కేబీయే ఉంటుంది, అక్షరాలు తప్ప బొమ్మలు రావు. హెర్క్యులిస్‌లో 64 కేబీ. టర్బో సీలో ఓ చిన్న ప్రోగ్రాం రాసి, బొమ్మల మోడ్ మొదలుపెట్టే ఇనిట్‌గ్రాఫ్‌కి 'కార్డేదో నువ్వే కనిపెట్టు' అని డిటెక్ట్ ఇస్తే, డ్రైవర్ నంబరు 7 అని వచ్చింది. అంటే హెర్క్‌మోనో. ఇంజినీరింగ్ ల్యాబులో అందరం 'ఈజీఏవీజీఏ.బీజీఐ' అనే గ్రాఫిక్స్ డ్రైవర్ ఫైలు కనబడక తిట్టుకున్నవాళ్ళమే. దాని పక్కనే 'హెర్క్.బీజీఐ' అని ఇంకో ఫైలు ఉండేది, ఎవరూ ముట్టుకోనిది. అది ఎందుకుందో నాకు అప్పుడు తెలిసింది.

ఇక వాడకం. అక్షరాలు చదవడానికి ఇంతకంటే హాయైన తెర నేను చూడలేదు. ఒక్కో అక్షరానికి 9 చుక్కల వెడల్పు, 14 చుక్కల ఎత్తు ఉండే గడి. అదే రోజుల్లోని సీజీఏ రంగుల కార్డుకి 8 బై 8 గడే. ఆ తేడా కంటికి తెలుస్తుంది. రాత్రి లైటు తీసేసి వర్డ్‌స్టార్ అనే పాత రాత ప్రోగ్రాంలో రెండు గంటలు రాసుకున్నా కళ్ళు మండవు. తెర సెకనుకి 50 సార్లే మారుతుంది, అయినా ఫాస్ఫర్ (తెర లోపలి మెరిసే పూత) వెలుగు నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి మినుకుమినుకు అనిపించదు. దాని మూల్యం ఏమిటంటే, పేజీ పైకి జరిపితే అక్షరాల వెనక తోకలు కనబడతాయి. ఆటలు ఆడేవాళ్ళు దీని జోలికి రాకండి.

గ్రాఫిక్స్ మోడ్‌లో 720 బై 348. 1982లో ఇది పెద్ద మాటే. 350 కాకుండా 348 ఎందుకంటే, తెర మీది అడ్డగీతలన్నీ మెమరీలోని నాలుగు బ్యాంకుల్లో (భాగాల్లో) సమానంగా సర్దాలి. నాలుగు ఎనభయ్యేడులు 348. చుక్కలు నిలువుగా సాగి ఉంటాయి కాబట్టి, లెక్క సరిచేయకుండా సున్నా గీస్తే కోడిగుడ్డు వస్తుంది.

ఈ కార్డు పుట్టుక కథ నాకు చాలా ఇష్టం. హెర్క్యులిస్ కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకరైన వాన్ సువన్నుకుల్ థాయ్‌లాండ్ వాడు. తన పీహెచ్‌డీ థీసిస్‌ని థాయ్ లిపిలో రాసుకోవడానికి పీసీలో దారి లేక, సొంతంగా తయారు చేసుకున్న కార్డు ఇది. అక్షరం పైనా కిందా గుర్తులు పడే లిపి అది. మన కష్టమే.

ఆ కష్టం ఏమిటో నేనూ చేసి చూశాను. నా కార్డులో అక్షరాల ఆకారాలన్నీ ఒక 2764 ఈప్రామ్‌లో (చెరిపి మళ్ళీ రాయగల మెమరీ చిప్‌లో) ఉన్నాయి, అదీ సాకెట్‌లో. ఊడదీసి చదివితే అంతా చిందరవందరగా కనబడింది. రెండు రోజుల తర్వాత గానీ వెలగలేదు: అక్షరం పై 8 వరసలు ఒకచోట, కింది 6 వరసలు ఇంకోచోట. తలలు ఒక గదిలో, కాళ్ళు ఇంకో గదిలో అన్నమాట. వాటిని కలిపి చూసి, వేరే ఈప్రామ్‌లో తెలుగు ఎక్కించాను. 'అ', 'ల', 'న' ముచ్చటగా వచ్చాయి. 'కి' కూడా పరవాలేదు. 'స్త్రీ' దగ్గర ఆగిపోయాను. 14 వరసల్లో గుడిదీర్ఘం, సకారం, కింద తావత్తు, క్రావడి... ఏదో ఒకటి తెగిపోవాల్సిందే. పైగా మొత్తం 256 గళ్ళే. గడులు వదిలేసి చుక్కల్లో గీయడమొక్కటే దారి, ఆ థాయ్ విద్యార్థి పట్టుకున్నదీ అదే. మన భాషల కోసం తర్వాత ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ వాళ్ళు జిస్ట్ కార్డు తెచ్చారు. అది ఒక్కటి దొరుకుతుందేమో అని ఇప్పటికీ సంతలో చూస్తూనే ఉన్నాను.

ఇప్పుడు నా తెలివితక్కువ పని చెప్పాలి. అదే కవరులో ఇంకో కార్డుకీ 9 పిన్నుల సాకెట్ ఉంది. కేబుల్ చక్కగా పట్టింది, పెట్టేశాను. అది సీజీఏ. మోనో మానిటర్‌కి అడ్డగీతల వేగం 18.4 కిలోహెర్ట్జ్ కావాలి, సీజీఏ ఇచ్చేది 15.7. సన్నగా కీచుమని అరిచింది, ఆ తర్వాత కాలిన వాసన. మా వీధి టీవీ మెకానిక్ మూత తీసి ముక్కుతోనే చెప్పేశాడు: "ఎల్‌ఓటీ పోయింది బాబూ. ఇది టీవీ కాదు, సామాను దొరకడం కష్టం." ఎల్‌ఓటీ అంటే ట్యూబుకి హైవోల్టేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్. మూడు వారాల తర్వాత ఓ చచ్చిన మోనో మానిటర్ నుంచి పీకి తెచ్చి వేశాడు. మానిటర్ కొన్న డబ్బుకి రెట్టింపయింది. సాకెట్ పట్టిందని నమ్మకండి.

పాత 386 పీసీ బోర్డులో, తర్వాతి తరం రంగుల కార్డు వీజీఏతో కలిపి కూడా ఈ హెర్క్యులిస్‌ని వాడుతున్నాను. రెంటి పోర్టు అడ్రసులూ వేరు కాబట్టి కొట్టుకోవు. ప్రోగ్రాంలో తప్పులు వెతికే టర్బో డీబగ్గర్ అంబర్ తెర మీద, నడిచే ప్రోగ్రాం రంగుల తెర మీద. రెండు మానిటర్ల సుఖం డాస్ రోజుల నుంచే ఉంది మరి! కానీ రెండు చిక్కులు. హెర్క్యులిస్ రెండో పేజీ తెరిస్తే అది వీజీఏ టెక్స్ట్ మెమరీ మీద పడుతుంది. అలాగే ఈ 8 బిట్ కార్డు పక్కన కూర్చుంటే నా 16 బిట్ వీజీఏ కూడా 8 బిట్‌కి దిగిపోయి నెమ్మదిస్తోంది.

పాత కార్డుల బొమ్మని ఇప్పటి హెచ్‌డీఎమ్‌ఐ తెరలకి పంపే, రాస్‌బెర్రీ పై జీరో అనే బుల్లి కంప్యూటర్ మీద నడిచే ఆర్‌జీబీ టు హెచ్‌డీఎమ్‌ఐ బోర్డు కూడా కొని చూశాను. బొమ్మ కత్తిలా వస్తుంది, ఫొటోలకి బాగుంటుంది. మానిటర్ లేనివాళ్ళకి నేను చెప్పేది అదే. ఉన్నవాళ్ళకి అక్కర్లేదు.

కొనేవాళ్ళు మానిటర్‌ని ఆఫ్ చేసి ఉన్నప్పుడే, ఎండలో తెర అద్దాన్ని ఏటవాలుగా చూడండి. ఏళ్ళ తరబడి ఒకే బొమ్మ ఉంటే ట్యూబు మీద మచ్చ పడుతుంది. నా దాంట్లో నిలువుగా రెండు గడులు, వాటి పైన ఇంగ్లీషులో డెబిట్, క్రెడిట్ అని ఇప్పటికీ చదవొచ్చు. కింద 'టోటల్' దగ్గర అంకెలు మాత్రం అలుక్కుపోయాయి. రోజూ మారేవి కదా.